కుంచమంత బుద్ధి, పుట్టెడు లోకము

ఒకడు చెడిపోయినప్పుడు తీర్పు చెప్పుటకు లోకము ఆలస్యము చేయదు. "వానికి తెలివి చాలలేదు" అని తేల్చివేయును. ధాన్యము అగ్గువకు అమ్ముకొన్న రైతును, కుమారుని తగని చదువులో చేర్చిన తండ్రిని, తెలిసిన ప్రశ్నకే తప్పు సమాధానము వ్రాసివచ్చిన విద్యార్థిని, అందఱిని ఈ యొక్క మాటతోనే కొలుచుచున్నాము. ఈ కొలత సులువైనది. కనుకనే ఇంత వ్యాప్తిలో నున్నది. కాని తెలివి యనునది ఒకేమాఱు ఎన్ని సంగతులను మోయగలదు, ఆ సమయమున దానిపై మఱి యే బరువులున్నవి అని విచారించిన పిమ్మట గాని అట్టి తీర్పు చెప్పదగదు. మన నిర్ణయములు చెడుటకు బుద్ధిహీనతకంటె బుద్ధికి గల హద్దే తఱచుగా కారణమగుచున్నది. ఆ హద్దు పండితునికిని కలదు, పామరునికిని కలదు. దానిని గుర్తింపని లోకము బరువు మోయువానిని నిందించి, బరువు నెత్తిన పెట్టినవానిని విడిచిపెట్టుచున్నది. ఇది అన్యాయమని నా మనవి.

మా నెల్లూరు సీమలో ధాన్యమును నేటికిని పుట్టి లెక్కనే చెప్పుకొందురు. పూర్వపు కొలతలలో పుట్టికి ఇరువది తూములు, తూమునకు నాలుగు కుంచములు. అనగా ఎనుబది కుంచముల ధాన్యము ఒక పుట్టి. కుంచములో పుట్టి పట్టదు. అయినను మన తాతలు పుట్లకొలది ధాన్యమును కుంచముతోనే కొలిచిరి. ఒక్కొక్క కుంచమే పోయుచు, పైకి లెక్క చెప్పుచు కొలిచిరి. మొదటి కుంచమునకు "ఒకటి" అనక "లాభము" అనెడివారు. అందు శుభకామనయు కలదు. కొలత మొదలైనదని చుట్టు నిలిచినవారికి తెలుపు గుర్తును కలదు. లెక్క నోట పలుకుటవలన మఱపునకు తావుండదు. తప్పినచో దిద్దుటకు నలుగురు సాక్షులుందురు. చిన్న పాత్రతో పెద్ద రాశిని కొలుచుటకు మన పూర్వులు కనిపెట్టిన మార్గమిది. మన బుద్ధియు అట్టి కుంచమే. దాని ఎదుట నున్న లోకము పుట్టెడు.

ఈ సంగతిని శాస్త్రదృష్టితో వివరించినవారిలో ముఖ్యుడు అమెరికా దేశీయుడగు హెర్బర్ట్ సైమన్ (1916–2001). అర్థశాస్త్రవేత్తలు పెక్కుమంది తమ సిద్ధాంతములకై ఒక మనుష్యుని కల్పించుకొనియుండిరి. ఆ మనుష్యుడు తన ఎదుట నున్న మార్గముల నన్నిటిని ఎఱుగును. ఒక్కొక్క మార్గమున కలుగు ఫలమును ముందే లెక్కకట్టును. అన్నిటిలో ఉత్తమమైనదానినే ఎన్నుకొనును. సైమన్ 1947లో పాలనావ్యవహారములపై ప్రకటించిన గ్రంథము మొదలుకొని ఈ కల్పితపురుషుని ప్రశ్నించుచు వచ్చెను. నిజమైన మనుష్యునికి సమాచారము కొంతయే దొరకును, వ్యవధి కొంతయే యుండును, లెక్కించు శక్తియు కొంతయే. అందుచే అతడు సర్వోత్తమమును వెదకుచు కూర్చుండడు. చాలినంత మంచిది కంటబడగానే వెదకుట మానును. ఈ విషయమై చేసిన కృషికి 1978లో ఆయనకు అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

ఇందు మనకు క్రొత్త యేమియు లేదు. పెండ్లి సంబంధము చూచునపుడు ఏ ఇంటివారును రాష్ట్రమందలి వరుల నందఱిని పరిశీలింపరు. చదువు, నడవడి, కుటుంబము, పిల్ల ఇష్టము అని నాలుగు గీతలు మనస్సున గీసికొందురు. వాటిని దాటిన సంబంధము కుదిరినచో చాలునందురు. ఉన్నవారి నందఱిని చూచిన పిమ్మటనే నిశ్చయింతుమను ఇంట పెండ్లిబాజా మ్రోగదు. "చాలును" అను ఈ చిన్నమాటయే మన సంసారములను నడుపుచున్నది. దానిని సోమరితనమనుట తగదు. గీతను ఎక్కడ గీయవలెనో తెలిసికొనుటయే వివేకము.

మఱి ఈ కుంచము ఎంతటిది? జార్జి మిల్లర్ అను మనస్తత్వశాస్త్రవేత్త 1956లో ప్రకటించిన వ్యాసమున, ఒకేమాఱు మనస్సున నిలుపుకొనగల అంశములు సుమారు ఏడు, అటునిటుగా రెండు అని వివరించెను. తరువాతి పరిశోధకులు కొందఱు దానిని నాలుగునకు తగ్గించిరి. ఏడైనను, నాలుగైనను, చేతివ్రేళ్ళపై లెక్కింపదగినవే.

ఇచట తెలుగు పాఠకుడు వెంటనే ఆక్షేపింపవచ్చును. అష్టావధానము మాటయేమి? శతావధానము మాటయేమి? దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గార్లు ఊరూర సభలు చేసి, నూర్గురు పృచ్ఛకులకు పద్యములు చెప్పి, వాటి నన్నిటిని తిరిగి అప్పగించిన జాతి మనది. ఏడింటితోనే నిండు మనస్సున నూఱు పద్యము లెట్లు పట్టినవి?

ఆక్షేపణ యుక్తమైనదే. కాని అవధానము జరుగు విధమును గమనించినచో అందే సమాధానమును కలదు. అష్టావధానమున సమస్య ఒకరిది, దత్తపది వేఱొకరిది, నిషిద్ధాక్షరి మఱియొకరిది. నడుమ అప్రస్తుతప్రసంగము చేయువాడు చిక్కుమాటలతో దారి మళ్ళించును, ఘంటానాదములను లెక్కపెట్టవలసియుండును. అయినను అవధాని ఎనిమిదింటిని ఒకేమాఱు మోయడు. ఒకరికి ఒక పాదము చెప్పి, దానిని ముడివేసి ప్రక్కన పెట్టి, రెండవవారిని చూచును. ఆవృత్తికి ఒక్క పాదము. నాలుగు ఆవృత్తులకు పద్యము పూర్తి. ఇది కుంచముతో కొలుచుటయే. ఆ ముడివేయు త్రాడు ఛందస్సు. గణము ఇంతయని, యతి ఇచటనని, ప్రాస ఈ అక్షరమని తెలిసినపుడు ఆ తావున ఇముడని వేలకొలది మాటలు తమంత తామే తొలగిపోవును. మిగిలిన కొన్నింటిలో తగినది దొరకును. మఱచిన పాదమును ధారణలో మరల పట్టి యిచ్చునదియు ఆ త్రాడే. యతిప్రాసలు చెవికింపు కొఱకు మాత్రమే పుట్టినవని తలచు విద్యార్థులు ఈ ప్రయోజనమును గమనింపవలెను. అవి జ్ఞాపకమునకు గుంజలు.

చదరంగమున సైమన్ కనుగొన్న విషయమును దీనికి చేరువైనదే. ఆయనయు విలియం చేజ్ అను మఱియొక పరిశోధకుడును 1973లో ప్రకటించిన పరీక్ష ఇది. నిజముగా ఆడిన ఆటలోని బల్లను కొన్ని క్షణములు చూపి మూసినచో, ప్రవీణుడు పావులలో హెచ్చుభాగమును తిరిగి యథాస్థానమున నిలుపగలిగెను. క్రొత్తవాడు కొన్నింటినే నిలిపెను. అవే పావులను అడ్డదిడ్డముగా పేర్చి చూపినప్పుడు ప్రవీణుని ఆధిక్యము దాదాపుగా మాయమైనది. కనుక ప్రవీణుని కుంచము పెద్దది కాదు. పావులను గుంపులుగా, ఎఱిగిన ఆకృతులుగా చూచుట అతనికి సాధనవలన అబ్బినది. ప్రతిభ యని మనము చేతులెత్తి మ్రొక్కుదానిలో సగము ఏర్పాటు, సగము అభ్యాసము.

అవధానికి సభ కలదు, నియమము కలదు, ఏండ్ల సాధన కలదు. కల్లమున నిలిచిన రైతునకు ఇందులో ఏది కలదు? కొడవలూరు పరిసరములలో కోతలనాటి సాయంకాలమును తలచికొనుడు. ప్రభుత్వము మద్దతుధరను క్వింటాలుకు ప్రకటించును. వ్యాపారి పుట్టికి బేరమాడును. నేటి లెక్కలో ఇచటి పుట్టి 850 కిలోలు. 2024–25లో ఏ గ్రేడు ధాన్యమునకు క్వింటాలు ధర 2,320 రూపాయలు. అనగా పుట్టికి 19,720 రూపాయలు. ఈ గుణకారము బడిపిల్లవాడును చేయగలడు. కాని రైతు లెక్కింపవలసినది ఈ యొక్క గుణకారమేనా? మద్దతుధరకు అమ్మవలెనన్న ధాన్యమున తేమ 17 శాతము మించరాదు. ఆరబోసినచో కూలి యగును, రెండు మూడు దినములు పట్టును. తూర్పున మబ్బు కమ్ముచున్నది. కోతయంత్రము బాడుగ గంటలమీద నడచుచున్నది. భూమి కౌలుది; కౌలు చెల్లింపవలసిన గడువు దగ్గరపడినది. ఎరువులకొట్టు బాకీ వేఱు. కూతురి కళాశాల రుసుము వేఱు. ఇవన్నియు ఒకే సాయంకాలము ఒకే తలలో తిరుగుచుండగా, వ్యాపారి కాటా ఎదుట పెట్టి "ఇప్పుడిత్తువా, మానుదువా?" అని అడుగును. రైతు ఇచ్చివేయును. మఱునాడు ఎండ కాసినపుడు అరుగుపై కూర్చున్నవారు "రెండు దినములు ఓపిక పట్టలేకపోయెను, తెలివితక్కువ" అందురు. వారి తలలో ఆ యొక్క సంగతి తప్ప మఱేమియు లేదు కనుక వారికి తెలివి మెండుగా కనబడుచున్నది.

ఇది కేవలము జాలితో చెప్పిన మాట కాదు. మన పొరుగుననున్న తమిళనాట చెఱకురైతులపై జరిగిన పరిశోధన యొకటి 2013లో 'సైన్స్' పత్రికయందు వెలువడినది. సెంథిల్ ములైనాథన్, ఎల్డార్ షఫీర్ మొదలగువారు దాని కర్తలు. 464 మంది రైతులను పంట చేతికి రాకముందు ఒకమాఱు, వచ్చిన పిమ్మట ఒకమాఱు పరీక్షించిరి. చెఱకురైతునకు పైకము పంటతోనే వచ్చును గాన, కోతకు ముందు అతడు చేయి ఇఱుకున నుండును. కోత తరువాత కొంత తెరపి యుండును. బుద్ధిని కొలుచు పరీక్షలలో ఆ రైతే కోతకు ముందు తక్కువగా, కోత తరువాత ఎక్కువగా మార్కులు తెచ్చుకొనెను. మనిషి మాఱలేదు, చదువు మాఱలేదు. తలపైనున్న చింత మాఱినది. ఈ ఫలితములను లెక్కించిన విధమును ఆక్షేపించిన పండితులును కలరు; ఒక్క పరిశోధనతో సర్వము సిద్ధించినదని నేను అనను. కాని చింత మనస్సున చోటు ఆక్రమించునను మాట సంసారము చేసినవారెవ్వరును కాదనరు.

మహాభారతమున ఉద్యోగపర్వమునందు ధృతరాష్ట్రునకు నిద్ర పట్టదు. విదురుని పిలిపించును. నిద్ర పట్టనివారెవరో విదురుడు లెక్కించి చెప్పును: బలవంతునిచే చిక్కిన దుర్బలుడు, సర్వస్వము పోగొట్టుకొన్నవాడు, కాముకుడు, దొంగ. కామమునకు, దొంగతనమునకు సరసన వ్యాసుడు దిక్కులేనితనమును కూర్చుటలో గొప్ప లోకజ్ఞానము కలదు. మనస్సును నిద్రపోనీయని బరువు పాపమువలననే రానక్కఱలేదు, లేమివలనను వచ్చును. ఆ పర్వమును తెనిగించిన తిక్కన మన నెల్లూరివాడే. ధృతరాష్ట్రునికి ధర్మము తెలియకపోలేదు. విదురుడు చెప్పినదెల్ల ఔనని తల యూచుచునే, మనస్సు నిండ పుత్రవ్యామోహము నింపుకొన్నందున దానిని ఆచరింపలేకపోయెను. నిండిన కుంచమున అమృతము పోసినను ఒలికిపోవును.

బరువు ఇంటిలోనే పుట్టవలెనను నియమము లేదు. ఎన్నుకొనుమని ఎదుట పెట్టిన వాటి సంఖ్యవలనను అది పెరుగును. 1996 లోకసభ ఎన్నికలలో నల్లగొండ నియోజకవర్గమున 480 మంది అభ్యర్థులు నిలిచిరి. గెలిచినవారు కమ్యూనిస్టు నాయకులు బొమ్మగాని ధర్మభిక్షం గారు. 477 మందికి ధరావతు దక్కలేదు. 480 మంది గుణగణములను తూచి ఓటు వేయగల మేధావి ఏ దేశమున నుండును? ఓటరు చేసినదేమనగా, తానెఱిగిన గుర్తును వెదకి పట్టుకొనుట. చదువురాని కోట్ల ప్రజలకై 1951–52 నాటి మొదటి సాధారణ ఎన్నికలలోనే ఏర్పఱచిన ఈ గుర్తులు చదువుకొన్నవారికిని ఊతకఱ్ఱలే యని నల్లగొండ చూపినది.

కాని ఆ 480 మందిని పిచ్చివారనుకొనరాదు. ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగిన పల్లెల బాధను దేశమునకు వినిపించుటకై పెక్కుమంది కావలెనని నిలిచిరి. అర్జీలు వ్రాసిరి, వినలేదు. సభలు చేసిరి, వినలేదు. కడకు ఎన్నికల పత్రమునే అర్జీగా మార్చిరి. 2019లో నిజామాబాదున పసుపు, ఎఱ్ఱజొన్న పండించు రైతులు అదే పని చేసిరి. మొత్తము 185 మంది పోటీలో నుండగా వారిలో 170 మందికి పైగా రైతులే. ఒక్కొక్క పోలింగు కేంద్రమున పండ్రెండేసి ఓటుయంత్రములను వరుసగా పేర్పవలసివచ్చినది.

ఇందులో మనకు మఱియొక పాఠము కలదు. ఏలువారి బుద్ధియు కుంచమే. వారి బల్లమీద వేల అర్జీలుండును. వారి దృష్టి కొన్నింటిమీదనే నిలుచును. సమాచారము పెరిగినకొలది అవధానమునకు కఱవు వచ్చునని సైమన్ 1971లోనే హెచ్చరించెను. ఆ కఱవులో బిగ్గరగా అఱచినవారికే తిండి దొరకును. నిజామాబాదు రైతులు కోరిన పసుపు బోర్డు 2025 జనవరిలో ఆ పట్టణమున ప్రారంభమైనది. నల్లగొండ ఎన్నిక జరిగిన 1996లోనే, అభ్యర్థుల సంఖ్యను తగ్గించుటకై ధరావతును 500 రూపాయలనుండి 10,000 రూపాయలకు పెంచుచు చట్టము వచ్చినది. ఓటరు బరువు తగ్గించుటకు అది తగినదే కావచ్చును. కాని వినవలసిన చెవి విననంతకాలము పేదవాని నోటికి వెల పెంచుట సగము మందే.

"అట్లయిన ఎవరి తప్పునకు ఎవరును బాధ్యులు కారా? ప్రతివాడును నా కుంచము చిన్నదని తప్పించుకొనవచ్చునా?" అని ప్రశ్నింపవచ్చును. తప్పించుకొనరాదు. చీకటిలో కన్ను కనబడదని తెలిసినవాడు దీపము పట్టుకొని పోవలెను. పట్టుకొననిచో తప్పు వానిదే. హద్దు తెలిసినకొలది బాధ్యత పెరుగును. ఎన్నుకొనువానికి ఒక బాధ్యత, ఎన్నికను ఏర్పాటు చేయువానికి మఱియొకటి. నా దృష్టిలో రెండవదియే పెద్దది. ఏలయన అతడు తీఱికగా, చల్లని నీడన కూర్చుండి ఆలోచింపగలడు. ధరను పుట్టి లెక్కనుగూడ వ్రాసి కొనుగోలు కేంద్రమున పెద్ద అక్షరములతో కట్టిన అధికారి పది ఉపన్యాసములకు సమానమైన మేలు చేసినవాడగును.

పదవ తరగతి ముగించిన విద్యార్థి ఎదుట ఎం.పి.సి., బై.పి.సి., సి.ఇ.సి. అను అక్షరములు వరుసగా నిలుచును. వాటి వెనుక ఎన్నో కళాశాలల ప్రకటనలు, చేతిఫోనులో పుంఖానుపుంఖముగా సలహాలు, చుట్టముల మాటలు. బాలుడు తికమకపడి స్నేహితుడు చేరినచోటనే చేరును. వానిని తిట్టుటకంటె ఒక కాగితము చేతికిచ్చుట మేలు. నాకు కావలసినవి ఏవి యని మూడు మాటలు ముందే వ్రాసికొనవలెను. కుదరనివాటిని మొదట కొట్టివేయవలెను; మంచిదానిని ఏఱుటకంటె పనికిరానిదానిని తీసివేయుట సులభము. మిగిలిన రెండు మూడింటిని ఇంటి పెద్దలతో, ఉపాధ్యాయునితో చర్చింపవలెను. ఒక కుంచము చాలనిచోట రెండు కుంచములుండుట మంచిదే. ఆకలిగానున్నపుడు, కోపముగానున్నపుడు నిశ్చయము చేయక ఒక రాత్రి గడువు పెట్టుకొనవలెను. "నిదానమే ప్రధానము" అన్నవారే "ఆలస్యమున అమృతము విషమగును" అనియు అన్నారు. గడువు ముందే నిర్ణయించుకొన్నవానికి ఈ రెండు సామెతలును మిత్రములే.

ఉపాధ్యాయులకు నా విన్నపమొకటి. తరగతిలో ఒకే ఊపిరిలో ఐదు ఆజ్ఞలు చెప్పి, మూడవది మఱచిన పిల్లవానిని "మొద్దు" అనకుడు. ఐదింటిని నల్లబల్లపై వ్రాయుడు. తీరపు పట్టపుపాలెము నుండి వచ్చిన బాలుడు వేటకు పోయిన తండ్రి ఇంకను తిరిగి రాలేదని కిటికీ వంక చూచుచుండవచ్చును. చెల్లెలిని చంకనెత్తుకొని వంట ముగించి వచ్చిన బాలికకు ఎక్కములు తడబడవచ్చును. ఆ పిల్లల కుంచములు చిన్నవి కావు; బడికి వచ్చునప్పటికే సగము నిండియున్నవి. ఆ యొక్కమాట "మొద్దు" అనునది మిగిలిన సగమునుగూడ నింపివేయును. తాను తెలివిలేనివాడనని నమ్మినవాడు ఎన్నుకొనుటయే మానును. ఇతరులు ఎన్నిపెట్టినదానికి జీవితాంతము తల యొగ్గును. ఇంతకంటె పెద్ద నష్టము చదువువలన కలుగరాదు.

పుట్టెడు ధాన్యమును కుంచముతో కొలిచిన మన పెద్దలు కుంచము చిన్నదని సిగ్గుపడలేదు, రాశి పెద్దదని బెదరలేదు. ఒక్కొక్కటిగా పోసిరి, పైకి లెక్క చెప్పిరి, నలుగురిని సాక్షులుగా నిలుపుకొనిరి. మన పిల్లలకు నేర్పవలసినది ఆ కొలుచు విధమును. వారి కుంచములో ముందుగనే ఏమి పడియున్నదో చూచుట మన వంతు.